బొబ్బిలి బస్సెక్కే ముందు

విజయనగరం నుంచి బొబ్బిలికి బస్సులో గంటన్నర. ఒక ఏడాది ఎనిమిదో తరగతి పిల్లలకు తోడుగా వెళ్ళాను. యుద్ధస్తంభం చుట్టూ ఓ ప్రదక్షిణ, ఫొటోలు, పులిహోర పొట్లాలు. ఇరవై నిమిషాల్లో చూడ్డం అయిపోయింది. "ఇదేనేటి మాస్టారూ?" అన్నాడొకడు. వాడి తప్పేముంది? సినిమాలో ఏనుగుల్నీ ఫిరంగుల్నీ చూసినవాడికి 1891లో నిలబెట్టిన రాయి ఏం కనిపిస్తుంది! 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధంలో పడిపోయిన మట్టికోట అక్కడ లేదు. ఆ ముక్క బడిలోనే చెప్పాల్సింది. చెప్పలేదు.

మనం చెప్పి పంపేదల్లా తేదీ, ఫ్రెంచి సేనాని బుస్సీ, బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు. ఒకటి రెండు మార్కుల సరుకు. ఫ్రెంచివాడికి బొబ్బిలితో ఏం పని అని ఎవరూ అడగరు. 1753లో నిజాం సలాబత్ జంగ్ మన కోస్తా ప్రాంతమైన ఉత్తర సర్కార్లను ఫ్రెంచివాళ్ళకు ఇచ్చేశాడు, సైన్యం జీతాల కింద. బుస్సీ ఇటు వచ్చింది కప్పం బకాయిల వసూలుకి. విజయనగరానికీ బొబ్బిలికీ అప్పటికే పడదు. ఆ పగలో వాగునీళ్ళ తగువూ ఉందని, బొబ్బిలివాళ్ళు నీళ్ళు తమ పొలాలకు మళ్ళించుకునేవారని ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. మడికి నీళ్ళు కట్టే ఇంటి పిల్లలకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మీ ఊళ్ళో కాలువ దగ్గర ఎవరు ఎవరితో మాట్లాడరో చెప్పండంటే చాలు, క్లాసంతా చేతులెత్తుతుంది.

చిక్కంతా ఆ తర్వాత ఉంది. బొబ్బిలి కోట మీదికి వచ్చిన బుస్సీ పక్కన నిలబడింది మన విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు. "అయితే మనోళ్ళేనేటి మాస్టారూ?" అని ఓ పిల్ల అడిగింది. తోడొచ్చిన టీచరు "అదంతా తెల్లోడి కుట్రమ్మా" అని దాటేశారు. నాకు నచ్చలేదు. అవును, మనోళ్ళే అనాలి. కోట పడిన మూడు రోజులకే పాపారాయుడు రాజాం నుంచి వచ్చి, గుడారంలో ఉన్న ఆ రాజుని పొడిచి చంపాడనీ చెప్పాలి.

కోటలో ఆడవాళ్ళ చావు గురించి మన బుర్రకథ రోషంగా పాడుతుంది. విన్నప్పుడల్లా నా ఒళ్ళూ జలదరిస్తుంది, కాదనను. కానీ కోట నిలవదని తేలాక మగవాళ్ళు తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ తామే చంపుకున్నారు. పదమూడేళ్ళ ఆడపిల్ల ఎదురుగా కూర్చుని వింటున్నప్పుడు దాన్ని వీరత్వం అని మాత్రమే చెప్పి ఊరుకోవడం నావల్ల కాదు. ఆ రోజు ఓ ముసలాయన బొబ్బిలి రాజు రంగారావు కొడుకుని దాచి, బయటికి తెచ్చి, లా అనే ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. తండ్రి ఆజ్ఞ మీరి బిడ్డను బతికించిన ఆ మనిషి గురించి పాఠంలో ఒక్క వాక్యం లేదు. ఆయన చేసింది తప్పా ఒప్పా? ఆ ప్రశ్న ముందురోజే క్లాసులో వదిలేస్తే, స్తంభం దగ్గర పిల్లలు ఫొటోలు మాని వాదులాడుకుంటారు.

నన్నడిగితే, ఆ వారంలోనే పద్మనాభం అనే ఊరికి కూడా పిల్లల్ని తీసుకెళ్ళాలి. 1794 జూలై 10న అక్కడ ఇంకో విజయనగరం రాజు, ఆయనా విజయరామరాజే, కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు. మళ్ళీ బకాయిల గొడవే. బొబ్బిలి తర్వాత ముప్పై ఏడేళ్ళకి. అప్పుడు ఆ పిల్ల ఏమడిగేదో!

మా బస్సు మాత్రం గజపతినగరం దాటేసరికి అంత్యాక్షరిలో పడిపోయింది.