సవరణ: డాట్ 5 కాదు, డాట్ 5.1

మామూలు కారును మొదటిసారి రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లే ముందు బ్రేకుల్లో డాట్ 5 గ్రేడు ఫ్లూయిడ్ పోయమని రాశాను. తప్పు నాదే, అది డాట్ 5.1. చిన్న తేడా అనుకోకండి: డాట్ 5 సిలికాన్ రకం, కారులో ఉండే గ్లైకాల్ ఫ్లూయిడ్‌తో కలవదు. ఇప్పటికే పోసేసి ఉంటే కారు తీయకండి.

నిజానికి తాజా డాట్ 4 కూడా మొదటిసారికి సరిపోతుంది. కొత్తది కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పీల్చుకున్న దానికి ప్రమాణం 155 మాత్రమే. మరిగితే లైన్లలో బుడగలు కట్టి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. అందుకే ఎప్పుడో సీలు విప్పిన డబ్బా వాడొద్దు.

ఇంకోటి, ల్యాపులయ్యాక హ్యాండ్‌బ్రేక్ లాగమన్నాను. వద్దు, అప్పుడు బ్రేక్ డిస్కులు కాలిపోతుంటాయి. గేరులో పెట్టి, చక్రానికి అడ్డు పెట్టండి.