తలుపు తట్టిన ఐరిష్ జనమే ద్వారపాలకులైన వేళ

ఐర్లండ్ పల్లెల్లో ఎవరైనా చనిపోతే బంధువులూ ఇరుగుపొరుగులూ ఆ రాత్రంతా శవం దగ్గర జాగారం చేసేవారు. 19వ శతాబ్దంలో బతికున్న మనుషులకూ అదే జాగారం మొదలైంది. ఇంట్లో కొడుకో కూతురో మర్నాడు అమెరికాకు బయలుదేరుతుంటే ముందురోజు రాత్రి ఊరంతా ఆ ఇంట చేరి, తెల్లవార్లూ పాడి, ఆడి, చివరికి ఏడ్చి సాగనంపేది. దాన్ని 'అమెరికా జాగారం' అనేవారు. వెళ్లినవారు తిరిగి రావడం చాలా అరుదు కాబట్టి కన్నవారి దృష్టిలో అదీ ఒక చావే. ఇవాళ తమవి ఐరిష్ మూలాలని చెప్పుకునే అమెరికన్లు మూడు కోట్లకు పైనే ఉన్నారు. ఐర్లండ్ దీవి మొత్తం జనాభా మాత్రం 70 లక్షలకు అటూ ఇటూగా ఉంది.

ఈ వలసను పూరిగుడిసె నుంచి శ్వేతసౌధం దాకా సాగిన విజయగాథగా చెప్పుకోవడం పరిపాటి. అందులో అబద్ధమేమీ లేదు కానీ, అసలు పరిశీలించవలసిన విషయం అక్కడ మరుగున పడిపోతోంది. అందరి చేతా ఛీకొట్టించుకుంటూ వచ్చిన ఈ జనం అంత తొందరగా అధికారానికి ఎలా చేరువయ్యారు, చేరువయ్యాక తమ వెనుక వచ్చేవారి పట్ల ఎలా వ్యవహరించారు అన్నవే ఆలోచించవలసిన ప్రశ్నలు.

1841 జనగణన నాటికి ఐర్లండ్ జనాభా దాదాపు 82 లక్షలు. నిరుపేదల తిండి అంతా బంగాళాదుంపే, అందులోనూ ప్రధానంగా 'లంపర్' అనే ఒకే రకం. 1845లో తెగులు తగిలింది. ముందురోజు పచ్చగా కనిపించిన మడి తెల్లారేసరికి నల్లబడేది. తవ్వితే దుర్గంధంతో ముద్దలా చేతికొచ్చేది. 1852 వరకు సాగిన ఆ కరవులో సుమారు పది లక్షల మంది చనిపోగా అంతకన్నా ఎక్కువ మందే దేశం విడిచి వెళ్లారు. అదే సమయంలో ఐరిష్ రేవుల నుంచి ధాన్యం, వెన్న ఇంగ్లండ్‌కు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. కరవు సాయాన్ని పిసినారితనంతో కొలిచి ఇచ్చిన బ్రిటిష్ ఖజానా అధికారి చార్ల్స్ ట్రెవెలియన్ ఆ తర్వాత 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చి, కోస్తా, సీమ జిల్లాలున్న ప్రెసిడెన్సీని ఏలాడన్న సంగతి తెలుగువారు గుర్తుంచుకోదగ్గది.

1847లో రాస్‌కామన్ కౌంటీలోని స్ట్రోక్స్‌టౌన్ భూస్వామి డెనిస్ మహోన్ తన కౌలుదార్లలో 1,490 మందిని కెనడాకు పంపించేయడానికి పూనుకున్నాడు. శిస్తు కట్టలేనివారిని పోషించడం కన్నా ఓడ టిక్కెట్టు కొనివ్వడమే అతనికి చవక. ఆ జనం పిల్లాజెల్లాతో కాలువ గట్టు వెంట డబ్లిన్ దాకా నడిచి, అక్కణ్నుంచి లివర్‌పూల్ చేరి ఓడలెక్కారు. వారిని మోసుకెళ్లిన ఓడల్లో ఒకటైన 'వర్జీనియస్'లో 476 మంది ప్రయాణికులుంటే 158 మంది దారిలోనే చనిపోయారు. ఆ రోజుల్లో అలాంటి ఓడలకు శవపేటికలనే పేరు వచ్చింది.

బతికి ఒడ్డెక్కినవారికి దొరికింది కాలువలు తవ్వే పని, రేవుల్లో మూటలు మోసే పని, రైలు పట్టాలు పరిచే పని. ఒంటరిగా వచ్చిన పడుచులు ఇళ్లలో పనికి కుదిరారు. అసలు పేరేదైనా యజమానులకు ఐరిష్ పనిమనిషి అంటే 'బ్రిజెట్'. కడుపు కట్టుకుని ఆ బ్రిజెట్‌లు ఊరికి పంపిన డాలర్లే తర్వాతి తమ్ముడికో చెల్లెలికో టిక్కెట్టు అయ్యాయి. ఈ వలసను నిలబెట్టినవారిలో వీరిదే పెద్దపీట అని నా అభిప్రాయం. నాయకుల పేర్లు పుటల నిండా ఉన్న చరిత్రలో వీరికి దక్కింది మాత్రం ఒక ఉమ్మడి పేరు.

కాథలిక్కులన్న ద్వేషంతో 1844లో ఫిలడెల్ఫియాలో అల్లరిమూకలు రెండు చర్చిలను తగలబెట్టాయి. పదేళ్లకు 'నో నథింగ్' పార్టీ పుట్టి, పౌరసత్వానికి 5 ఏళ్ల నివాసం చాలదని, దాన్ని 21 ఏళ్లకు పెంచాలని పట్టుబట్టింది. ఐరిష్ జనం బలం ఎక్కడుందో ఆ శత్రువులే సరిగ్గా పసిగట్టారు. 1790 నాటి చట్టం స్వేచ్ఛాజీవులైన తెల్లవారికే పౌరసత్వార్హతను పరిమితం చేసింది. ఎంత బీదవారైనా, ఎంత అవమానాల పాలైనా ఐరిష్‌వారు ఆ నిర్వచనంలో ఇమిడిపోయారు కనుక అయిదేళ్లకే పురుషుల చేతికి ఓటు వచ్చింది. న్యూయార్క్‌లో డెమోక్రటిక్ పార్టీని నడిపిన టామనీ హాల్ యంత్రాంగం వలసదారులకు పౌరసత్వ పత్రాలు సిద్ధం చేయించేది, చలికాలంలో బొగ్గు ఇచ్చేది, పోలీసు శాఖలోనో అగ్నిమాపక దళంలోనో కొలువు ఇప్పించేది. బదులుగా ఓట్లు గంపగుత్తగా రాబట్టుకునేది. అవినీతి మేటలు వేసిన మాట నిజమే అయినా, ప్రభుత్వం పట్టించుకోని పేదవాడి గుమ్మం తొక్కింది కూడా ఆ యంత్రాంగమే. 1880లో విలియం గ్రేస్ న్యూయార్క్ తొలి ఐరిష్ కాథలిక్ మేయరుగా ఎన్నికయ్యాడు.

ఆ బలాన్ని వారు తమకన్నా కిందివారి మీద కూడా ప్రయోగించారు. బానిసత్వ నిర్మూలనకు అండగా నిలవండని డేనియల్ ఓకానెల్ వంటి నేతలతో సహా 60 వేల మంది ఐర్లండ్ ప్రజలు సంతకాలు చేసి పంపిన విజ్ఞప్తిని అమెరికాలోని ఐరిష్ సమాజం చాలావరకు తోసిపుచ్చింది. అమెరికా అంతర్యుద్ధం నడుస్తున్న 1863 జులైలో, 300 డాలర్లు కట్టగలిగినవాడికి నిర్బంధ సైనిక సేవ నుంచి మినహాయింపునిచ్చే చట్టం మీద న్యూయార్క్‌లో రేగిన ఆగ్రహం నల్లజాతివారి మీదికి మళ్లింది. ఎక్కువగా ఐరిష్ కూలీలే ఉన్న ఆ గుంపులు నల్లజాతి పిల్లల అనాథాశ్రమాన్ని తగలబెట్టాయి. 1869లో యూటాలోని ప్రోమంటరీ దగ్గర ఖండాంతర రైలుమార్గం కలిసినప్పుడు తూర్పు భాగం పట్టాల్లో ఐరిష్ చెమట, పడమటి భాగంలో చైనీయుల చెమట ఉన్నాయి. పదేళ్లు తిరగకముందే కార్క్ కౌంటీలో పుట్టిన డెనిస్ కీర్నీ శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో 'చైనీయులు పోవాల్సిందే' అని గర్జించసాగాడు. 1882లో చైనీయుల బహిష్కార చట్టం వచ్చింది. ఆకలికి తరిమివేతకు గురైనవారు తోటి కూలీని తరమడాన్ని పోటీ కూలిరేట్లతో కొంత వివరించవచ్చు కానీ, సమర్థించడానికి నాకు మనసొప్పదు.

ఈ కథకు మరో అంకం ఉంది. వెక్స్‌ఫర్డ్ కౌంటీ నుంచి కరవు కాలంలో బోస్టన్ చేరి పీపాలు చేసుకుని బతికిన ప్యాట్రిక్ కెనెడీ మునిమనవడు జాన్ కెనెడీ 1960లో అధ్యక్షుడిగా గెలిచాడు. దేశాలవారీ కోటాలు ఎత్తివేయాలని 1963లో కాంగ్రెస్‌ను కోరింది ఆయనే. ఆయన హత్యానంతరం, 1965లో ఆ బిల్లును సెనేట్‌లో దగ్గరుండి గట్టెక్కించింది తమ్ముడు ఎడ్వర్డ్ కెనెడీ. పాత పద్ధతిలో ఐర్లండ్‌కు ఏటా 17 వేలకు పైగా వీసాలుంటే భారతదేశానికి కేవలం 100. గుంటూరు, విశాఖ, హైదరాబాద్ వైద్య కళాశాలల నుంచి తెలుగు డాక్టర్లు అమెరికా వెళ్లగలిగింది ఆ చట్టం పుణ్యమే. దానివల్ల నష్టపోయినవారిలో సొంత ఐరిష్‌వారే ఉన్నారు. 1980లలో వేలాది ఐరిష్ యువకులు కాగితాల్లేకుండా బోస్టన్, న్యూయార్క్‌లలో కూలిపనులు చేశారు. వారి కోసం సాగిన ఒత్తిడి 1990 చట్టంలో ఫలించి, మూడేళ్లలో 48 వేల వీసాలు ప్రత్యేకంగా ఐర్లండ్ పేరిట కేటాయించారు.

హెచ్-1బీ వీసా ప్రస్తుత రూపంలో పుట్టింది అదే 1990 చట్టంతో. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ సాధారణంగా 7 శాతం మించకూడదన్న పరిమితి కూడా అందులోనిదే. ఐరిష్ కూలీకి అయిదేళ్లలో ఓటు దక్కితే, ఆ 7 శాతం వరుసలో నిలబడ్డ తెలుగు ఇంజనీరు పదిహేనేళ్లు పన్నులు కట్టి, పిల్లల్ని అక్కడే పెంచి పెద్దచేస్తున్నా, తన వరుసను నిర్ణయించే కాంగ్రెస్ సభ్యుణ్ని ఎన్నుకునే పోలింగ్ కేంద్రంలోకి ఇంకా అడుగు పెట్టలేకపోతున్నాడు.