ఛాయిస్‌లో వదిలేసిన పాఠం

హనుమకొండ నయీంనగర్‌లో నాకొక జిరాక్స్ షాపు ఉంది. సర్కారు బడిలో పిల్లలు ఏం చదవాలో నిర్ణయించే హక్కు ఎవరిది అనే గంభీరమైన చర్చలో నోరు విప్పడానికి నాకున్న అర్హత అదే కాబట్టి ముందే చెబుతున్నాను. హైదరాబాద్‌లో ఎస్‌సీఈఆర్‌టీ అనే సంస్థ ఉంది. అక్కడ పండితులు కూర్చుని, వాదించుకుని, పదో తరగతి తెలుగు వాచకంలో పన్నెండు పాఠాలు పెట్టారు. ఫిబ్రవరి వచ్చేసరికి ఆ పన్నెండులో ఎన్ని బతకాలో నా కౌంటర్ మీద, నేను జిరాక్స్ తీసి ఇచ్చే ఇంపార్టెంట్ ప్రశ్నల పేపర్లో తేలిపోతుంది. మూడు స్టార్లున్నవి చదవాల్సిందే. రెండు స్టార్లవి టైముంటే చూడాలి. ఒక్క స్టార్‌ది సమ్మక్క సారక్కల మీద భారం. అసలు స్టారే లేనిదాన్ని ఛాయిస్‌లో వదిలేయాలి. ఈ స్టార్లు ఎవరు పెడతారని మాత్రం అడక్కండి. మాస్టర్ కాపీ నా చేతికి వచ్చేటప్పటికే అవి ఉంటాయి. వేదాల్లాగా అవి కూడా అపౌరుషేయాలు.

ఇంత అధికారం ఉండి కూడా నాకు తృప్తి లేకుండా చేసినవాడు మా చిన్నాయన కొడుకు. వాడు మేరీల్యాండ్‌లో ఉంటాడు. 2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి ఫోన్లో గంటసేపు చెప్పాడు. అక్కడి మాంట్‌గోమరీ కౌంటీ బడుల్లో చిన్నపిల్లలకు ఎల్‌జీబీటీ పాత్రలున్న కథల పుస్తకాలు పెట్టారట. అది మా మతానికి సరిపడదు, ఆ పాఠం జరిగేటప్పుడు మా పిల్లల్ని బయటికి పంపండని కొందరు తల్లిదండ్రులు అడిగారు. అందులో ముస్లింలూ ఉన్నారు, క్రైస్తవులూ ఉన్నారు. బడివాళ్లు కుదరదన్నారు. కోర్టులో ఆరుగురు జడ్జీలు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు అయ్యి, కేసు తేలేదాకా తల్లిదండ్రులకు ముందుగా చెప్పాల్సిందే, వద్దన్నవాళ్ల పిల్లల్ని వదిలిపెట్టాల్సిందే అన్నారు.

"అన్నా, ఇక్కడ పేరెంట్ అంటే పవర్" అన్నాడు మా తమ్ముడు.

"మరి ఆ పుస్తకాలు నువ్వు చూసినవారా?"

"నాకేం అవసరమన్నా, నాకింకా పెండ్లి కాలే గదా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేరీల్యాండ్ తండ్రికి ఉన్న హక్కు మరిపెడ తండ్రికి ఎందుకుండొద్దు? తెల్లారి చట్టం తీశాను, అంటే జిరాక్స్ తీశాను. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, కమిటీలో సగం మంది ఆడవాళ్లుండాలి. బడి ఎట్లా నడుస్తుందో చూడొచ్చు, గ్రాంటు పైసలు ఎటు పోతున్నాయో అడగొచ్చు. సంతోషంగా పేజీలు తిప్పుతూ పోతే 29వ సెక్షన్ తగిలింది. ఏ పాఠాలు ఉండాలన్నది ప్రభుత్వం నియమించిన విద్యాసంస్థ చూసుకుంటుందట. అంటే మధ్యాహ్నం గుడ్డు ఉడికిందో లేదో చూసే హక్కు నాకుంది, పోతన పద్యం మావాడికి అరుగుతుందో లేదో చెప్పే హక్కు లేదు. 2024లో మన దగ్గర అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల అక్కలు బాధ్యత తీసుకుని నల్లా, కరెంటు, బాత్‌రూం పనులు చూసుకున్నారు. పాఠాల జోలికి వాళ్లూ పోలేదు. బాత్‌రూం తలుపుకు గడియ పడని చోట ఏ పాఠం అభ్యంతరకరమో చెప్పమంటే ఆ అక్కలు నన్ను ఏమంటారో నాకు తెలుసు కాబట్టి అడగలేదు.

ప్రభుత్వాలు మాత్రం తమ హక్కును బ్రహ్మాండంగా వాడుకుంటాయి. ఢిల్లీలో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు 2023లో పదో తరగతి సైన్స్ పుస్తకంలో డార్విన్‌ను ఛాయిస్‌లో వదిలేశారు. మన దగ్గర 2024 జూన్‌లో బడులు తెరవగానే పంచిన తెలుగు పుస్తకాల్లో ముందుమాట పేజీలో పాత ముఖ్యమంత్రి పేరు అట్లాగే ఉండిపోయిందని పుస్తకాలు వెనక్కి తీసుకుని, ఆ పేజీని అతికించి మళ్లీ ఇచ్చారు. ముందుమాట చదివిన పిల్లాణ్ని నా జన్మలో చూడలేదు. ఆ నెల మావాడి క్లాసు క్లాసంతా ఆ పేజీని ఎండకు పట్టి, తడిగుడ్డ అద్ది, అంచు దగ్గర బ్లేడుతో లేపి మరీ చదివింది. ఒకడు నా షాపుకు తెచ్చి రెండు కాపీలు అడిగాడు. తెలంగాణలో పఠనాసక్తిని పెంచిన అత్యంత చవకైన పథకం అదేనని, దానికి అయిన ఖర్చు ఒక గమ్ డబ్బా అని నా అభిప్రాయం.

ఇక ఆలస్యం చేయొద్దని శనివారం పేరెంట్స్ మీటింగుకు నలభై కాగితాలు సొంత ఖర్చుతో తీసుకుపోయాను. 'మీకు అభ్యంతరమున్న పాఠం పేరు, కారణం' అని రెండు గీతలు. పదో తరగతి తెలుగుతో మొదలుపెడదామన్నాను. ఒక తల్లి లేచి నీళ్ల ట్యాంకు పాకురు పట్టిందని చెప్పబోయింది. ఈ రోజు అజెండా మేధోపరమైనదని చెప్పి కూర్చోబెట్టాను.

మొదట లేచింది రియల్ ఎస్టేట్ అన్న.

"పోతన పాఠం తీసెయ్యాలె."

నా గుండె జారిపోయింది. పోతనది బమ్మెర, మన పక్కూరు లెక్క. ఆయన అమ్మే ప్లాట్లు కూడా ఆ తోవలోనే ఉన్నాయి.

"నాకు పోతన మీద కోపం లేదు తమ్మీ, బలి చక్రవర్తి మీద. వచ్చినోడెవడో తెల్వది, ఊరేదో తెల్వది. మూడడుగుల జాగ అడిగిండు. హద్దుల్లేవ్, సర్వే నంబర్ లేదు, సాక్షి సంతకం లేదు. శుక్రాచార్యుడు అంత పెద్ద గురువు, దీంట్ల మోసమున్నది బిడ్డా, ఇయ్యకు అన్నడు. అయినా నీళ్లు వదిలి ఇచ్చిండు. ఇచ్చినోడు ఏడికి పోయిండు? పాతాళానికి పోయిండు. రేపు నేను లేనప్పుడు నా కొడుకు ఆఫీసుల కూసుంటడు. ఎవడో పొట్టోడు గొడుగు పట్టుకోని వస్తడు. అప్పుడెట్ల?"

భూముల రికార్డులకు ధరణి ఉన్నప్పుడైనా, ఇప్పుడు భూభారతిలోనైనా అట్లాంటి దానం చెల్లదని ఆయన వాదన. అందులో పస ఉందని రాసుకున్నాను.

తర్వాత ఒక ఆఫీసు సార్ లేచి జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్ కవిత వద్దన్నాడు. నగరంలో బతుకు ఎంత కరుకో చెప్పే కవిత అది. కొడుకును ఇంటర్‌కు హైదరాబాద్ పంపాలని ఆరేళ్లుగా చిట్టీలు కడుతున్నానని, వాడు ఇది చదివితే కాజీపేట స్టేషన్ దాటడని ఆయన భయం. ఇంకొకాయన సామల సదాశివ పాఠం మీద పడ్డాడు. ఎవరి భాష వాళ్లకు ఇంపుగా ఉంటుందని పిల్లలకు చెబితే, ఇంగ్లిష్ మీడియంలో చేర్పించి ఏం లాభమని అడిగాడు. మన సర్కారు బడి పుస్తకాల్లో ఇప్పుడు ఒక పక్క ఇంగ్లిష్, ఇంకో పక్క తెలుగు ఉంటున్నాయి కదా, ఏ పక్క వద్దనుకుంటే ఆ పక్క మూసుకోవచ్చని నేను సర్దిచెప్పాను. బ్యాగు బరువు మాత్రం రెండు పక్కలదీ మోయాలి, అది వేరే సంగతి.

బడిలో వంట చేసే వదిన శ్రీనాథుడి పాఠం దగ్గర ఆగింది. కాశీలో వ్యాసుడికి భిక్ష దొరకదు, ఆకలికి ఒళ్లు మండి ఊరు మొత్తానికి శాపం పెట్టబోతాడు. "బిల్లులు రాక అప్పు తెచ్చి వండుతున్న. పిల్లలకు గీ ఉపాయం నేర్పకుండ్రి సారూ" అంది.

చివరగా తెల్లచొక్కా పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. దళితుల కోసం పాటుపడిన భాగ్యరెడ్డి వర్మ మీద పాఠం ఉండటం ఆయనకు బాధగా ఉంది. పసి మనసుల్లో కులం ప్రస్తావన ఎందుకు, మనమంతా ఎప్పుడో మర్చిపోయాం కదా అన్నాడు. చాలామంది తలలూపారు. పోయిన నెలే ఆయన తన కూతురి పెళ్లి బయోడేటా యాభై కాపీలు నా దగ్గర తీయించుకున్నాడు. మొదటి లైను కులం, రెండో లైను శాఖ. అమ్మాయి చదువు కంటే అవి చిన్నగా కనబడుతున్నాయని అక్షరాల సైజు పెంచమన్నాడు. నేనేమీ అనలేదు. గిరాకీ గిరాకే.

వెనక బెంచీలో ఉన్న ఆటో తమ్ముడు ఒక్కడే కాగితం ఖాళీగా ఇచ్చాడు. "మీరు చెప్తుంటే ఇంటున్న అన్నా, అన్నీ మంచిగనే ఉన్నయి గదా" అన్నాడు. ఇట్లాంటి వాళ్ల వల్లే మన ప్రాంతంలో ఉద్యమాలు నీరుగారిపోతున్నాయి.

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న తెలుగు సారు ముందుకొచ్చాడు. మెత్తటి మనిషి. "చాలా సంతోషం. వచ్చే శనివారం ఎవరి పాఠం వాళ్లు ఇక్కడ నిలబడి పైకి చదవండి. ఏ పద్యం దగ్గర, ఏ మాట దగ్గర అభ్యంతరమో వేలు పెట్టి చూపించండి. హైదరాబాద్‌కు నేనే ఉత్తరం రాస్తా" అన్నాడు.

రియల్ ఎస్టేట్ అన్నకు శనివారం సైట్ విజిట్ ఉన్నట్టు గుర్తొచ్చింది. బలి కథ తనకు టీవీ సీరియల్లో తెలుసు, పుస్తకం చూడాల్సిన పని లేదన్నాడు. ఆఫీసు సార్‌కు కళ్లద్దాలు మార్చాల్సి ఉంది. తెల్లచొక్కా ఆయన అప్పటికే గేటు దగ్గరున్నాడు. పది నిమిషాల్లో నీళ్ల ట్యాంకు తల్లి, నేను, తెలుగు సారు మిగిలాం. ఆమె ట్యాంకు సంగతి చెప్పుకుని పోయింది.

కాగితాలు పంచినవాణ్ని నేను కాబట్టి పోతన నా నెత్తిన పడ్డాడు. రాత్రి షాపు కట్టేసి, మావాడి పుస్తకం ముందేసుకుని, పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను. చదివింది కేవలం తప్పు పట్టడానికేనని మనవి. గురువు వద్దంటాడు, శిష్యుడు వింటాడు, వినీ తల అడ్డంగా ఊపుతాడు. ఇంతకుముందు రాజులు లేరా, రాజ్యాలు లేవా, పోయేటప్పుడు ఎవరన్నా మూట కట్టుకుని పట్టుకుపోయారా అని అడుగుతాడు. మొదటిసారి అభ్యంతరం దొరకలేదు కాబట్టి రెండోసారి చదివాను. మూడోసారి కొంచెం పైకే ఎందుకు చదివానన్నది ఇక్కడ అప్రస్తుతం.

మావాడు దుప్పట్లోంచి తల బయట పెట్టాడు.

"డాడీ, ఏం చేస్తున్నవ్?"

"పోతన పాఠం చూస్తున్నరా. నీకు ఈ పద్యం వచ్చా?"

"అది ఛాయిస్‌లో వదిలేసినం."

"ఎవరు వదిలెయ్యమన్నరు?"

"నీ షాపు పేపరే గదా, దానికి స్టార్ లేదు. లైట్ తీసెయ్, పొద్దున స్పెషల్ క్లాసున్నది."