పాతపట్నం దాటితే ఏముంది అంటారా?

పొద్దున్నే ఫోన్ తెరిస్తే ఒళ్లు మండిపోయింది. విశాఖ వైపు సైకిల్ తొక్కేవాళ్ల వాట్సాప్ గ్రూప్ ఒకటుంది, అందులో నేనూ ఉన్నాను. చలికాలం వస్తోందని తూర్పు కనుమల్లో మూడు రోజుల రైడ్ ప్లాన్ చేస్తున్నారు. మ్యాప్ పెట్టారు. టెక్కలి, పాతపట్నం, అక్కణ్నుంచి వెనక్కి. ఎవరో కుర్రాడు పాపం, "అన్నా, ఇంకొంచెం ముందుకెళ్తే పర్లాకిమిడి కదా, అసలు కొండలన్నీ అటే కదా" అని అడిగాడు. దానికి ఓ సీనియర్ రైడర్ జవాబు: "అది ఒడిశా బ్రో. రోడ్లు బాగోవు, తిండి దొరకదు, భాష రాదు. అక్కడేముంది?" దాని కింద వరసగా బొటనవేళ్లు.

అక్కడేముంది అంటే, అక్కడ మేమున్నాం.

నేను పుట్టింది పర్లాకిమిడిలో, ఉండేదీ అక్కడే. పాతపట్నం నుంచి మా ఊరికి సైకిల్ మీద వస్తుంటే ఏ రాష్ట్రం ఎక్కడ అయిపోయిందో బోర్డు చూస్తే తప్ప తెలీదు. అటు పెళ్లిళ్లకి మేము వెళ్తాం, ఇటు బట్టలు కొనడానికి వాళ్లొస్తారు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో రెండూ కలిపి. విశాఖ నుంచి గుణుపూర్‌కి రైలుంది, అది మా ఊరి మీదుగానే వెళ్తుంది. మా రాజావారు నౌపడా నుంచి రెండున్నర అడుగుల చిన్న పట్టాల మీద ఆ రైలు మొదలుపెట్టింది 1900లో. 1931 నాటికి అది గుణుపూర్ చేరింది. 2004లో ఆపేసి బ్రాడ్‌గేజ్ చేశారు, 2011కి మళ్లీ గుణుపూర్ దాకా నడిచింది. అంటే నూట పాతికేళ్ల క్రితమే రైలు దాటేసిన చోట, ఇరవై నాలుగు గేర్ల సైకిళ్లు పెట్టుకుని మీరు బ్రేకు వేస్తున్నారన్నమాట.

రోడ్లు బాగోవంటారా? పార్వతీపురం నుంచి రాయగడ వెళ్లే రోడ్డు ఎప్పుడైనా తొక్కారా? కొమరాడ, కూనేరు మీదుగా. ఏళ్ల తరబడి లారీ చక్రం దిగబడిపోయేంత గోతులు, ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. పేషెంటుని తీసుకెళ్తున్న అంబులెన్సులు కూడా ఆ గోతుల్లో ఊగుతూ వెళ్లడం నా కళ్లతో చూశాను. ఆ ముక్క ఆంధ్రాలోనే ఉంది. ఎంతమందికి ఎన్ని అర్జీలు పెట్టారో ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లని అడగండి, చెప్తారు. ఆ రోడ్డు గురించి మీ గ్రూప్‌లో ఒక్క మాట రాదు గానీ, ఒక్కసారి కూడా టైరు పెట్టని మా రోడ్డు మీద మాత్రం తీర్పు వచ్చేస్తుంది. మా వైపు అన్నీ అద్దాల్లా ఉన్నాయని నేను అనను. వానాకాలంలో ఘాటీల్లో మట్టిపెళ్లలు విరిగి రోడ్డు మీద పడతాయి, వంతెన పనుల దగ్గర కంకర ఉంటుంది. కానీ చలికాలంలో ఉదయగిరి రోడ్డు తొక్కినవాడు దాని గురించి చెడు మాట చెప్పడు.

ఆ రోడ్డు సంగతి చెప్తాను వినండి, ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి. పర్లాకిమిడిలో చీకటితో బయల్దేరితే ఊరు దాటగానే పొలాలు, పొలాల చివర కొండలు. రామగిరి, ఉదయగిరి వైపు వెళ్లేకొద్దీ జీడితోటలు, పనసచెట్లు, రోడ్డు పక్కన ఆరబెట్టిన కొండచీపుర్లు. కొండ ఎక్కడం ఒక్కసారిగా మీద పడదు, మెల్లగా మొదలై గంటలకొద్దీ వదలదు. కాళ్లలో పస ఎంతుందో అక్కడ తేలిపోతుంది. ఆపైన చంద్రగిరి. 1963లో టిబెట్ నుంచి వచ్చిన వాళ్లకి అక్కడ చోటిచ్చారు, వాళ్లు మొక్కజొన్న పండించుకుంటూ ఊళ్లు కట్టుకున్నారు. జిరంగలో వాళ్ల పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. అడవి మలుపు తిరగ్గానే అంత పెద్ద బంగారు రంగు గోపురం కనపడితే ఎవరైనా సైకిల్ ఆపాల్సిందే. అక్కడ వేడివేడి తుక్పా, అంటే టిబెట్ వాళ్ల నూడుల్స్ సూప్, తాగి తప్తపాణి ఘాటీ దిగితే కింద గంధకం వాసనతో వేడినీళ్ల బుగ్గ. అక్కణ్నుంచి దిగపహండి మీదుగా బరంపురం. బరంపురంలో రైలెక్కి ఇంటికి పోవచ్చు. అరకు ఘాట్‌లో టూరిస్టు కార్ల వెనక పొగ పీలుస్తూ ఎక్కినవాళ్లకి ఈ రోడ్డు ఒక్కసారి చూపించాలని నాకు ఎంత కోరికో.

సాఫీగా తొక్కాలనుకునేవాళ్లకి ఇంకో దారుంది. కాశీనగర్ మీదుగా గుణుపూర్. వంశధార పక్కనే ఉంటుంది, ఎక్కడం తక్కువ. కొత్తగా రోడ్ బైక్ కొన్నవాళ్లని నేను ముందు అటే తీసుకెళ్తాను. గుణుపూర్ దాటి రాయగడ రోడ్డులో పద్మపూర్ దగ్గర జగమండ కొండ మీద పాత శివాలయాలున్నాయి, అదీ చూడొచ్చు.

ఇక మహేంద్రగిరి. 1501 మీటర్లు. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైనది కొరాపుట్‌లో దేవమాలి, 1672 మీటర్లు. మహేంద్రగిరి మీద పెద్ద పెద్ద రాళ్లు పేర్చి కట్టిన గుళ్లు, భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి అంటారు. చోళులు ఇక్కడిదాకా వచ్చి శాసనం చెక్కించారు. శ్రీముఖలింగం దగ్గర రాజధాని పెట్టుకున్న తూర్పు గాంగులు తమ రాగి శాసనాలు చాలావాటిని ఈ కొండ మీది గోకర్ణస్వామిని తలుచుకునే మొదలుపెట్టేవారు. ఆ వంశంవాడే అనంతవర్మ చోడగంగ, పూరీ జగన్నాథుడి గుడి కట్టించినవాడు. కింద శ్రీముఖలింగం ఆంధ్రాలో ఉంది, పైన వాళ్ల దేవుడు ఒడిశాలో ఉన్నాడు. ఇది చదివాక కూడా ఎవరైనా అక్కడేముంది అనగలరా? చివరి కిలోమీటర్లు నిలువుగా ఉంటాయి, సైకిల్ దిగి తోసుకుంటూ ఎక్కేవాళ్లే ఎక్కువ. శివరాత్రికి మాత్రం రావద్దు, భక్తులతో రోడ్డు నిండిపోతుంది, సైకిల్‌కి చోటుండదు.

తిండి దొరకదన్న మాటకి నాకు వచ్చినంత కోపం దేనికీ రాలేదు. గుమ్మా దాటి సెరంగో వైపు ఎక్కుతుంటే మలుపులో ఒక తాటాకు పాక ఉంటుంది. నడుపుతున్నావిడకి అరవై పైనే. ముఢి అంటే మరమరాలు, వాటి మీద ఘుగ్ని అనే బఠాణీ కూర పోసి, పచ్చిమిరపకాయ తుంచి వేసి, మోదుగాకు దొప్పలో ఇస్తుంది. రాగి అంబలి పెద్ద అల్యూమినియం గిన్నెలో ఉంటుంది, పైన తడిగుడ్డ కప్పి. నన్ను మొదటిసారి చూసినప్పుడు సైకిల్ టైరు రెండు వేళ్ల మధ్య పట్టుకుని నొక్కి చూసింది. "ఏటి బాబూ, ఇంత సన్నం టైరేసుకుని కొండెక్కుతావా? కూకో ముందు. అంబలి తాగు." అచ్చంగా మన శ్రీకాకుళం యాసలోనే అంది. ఆవిడ ఇంట్లో మాట్లాడేది సవర, ఈ కొండల్లోని సవర గిరిజనుల భాష, సంతలో ఒడియా, నాతో తెలుగు. ఈ ముసలమ్మకి మూడు భాషలొచ్చు. రెండు డిగ్రీలున్న మనవాళ్లకి మాత్రం భాష రాదని భయం.

అలా అని వచ్చేవాళ్లంతా మంచిగా వస్తారనీ కాదు. కిందటి చలికాలం ఓ బృందం కార్లో సైకిళ్లు వేసుకుని గుణుపూర్ పైన పుట్టసింగి వైపు వెళ్లింది. ఆ వీడియో చూశాను. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా వేసిన బొమ్మలు, ఏనుగులు, గుర్రాలు, చేతులు పట్టుకుని నిలబడ్డ మనుషులు. సవరలు వాటిని ఇదితాల్ అంటారు. ఆ గోడ ఇంటి లోపలిది. చనిపోయిన పెద్దల కోసం, ఇంటి దేవతల కోసం వేస్తారు, దాని ముందు పూజ చేస్తారు. మనవాడు హెల్మెట్ తలమీదే ఉంచుకుని, పెడల్‌కి బిగిసే క్లీట్ బూట్లు టకటకలాడించుకుంటూ లోపలికి పోయి గోడకి వీపు ఆనించి ఫోటో దిగాడు. గుమ్మంలో ఆ ఇంటి ఆడమనిషి చంకలో పిల్లతో నిలబడి చూస్తోంది. ఆవిణ్ని ఒక్క మాట అడగలేదు. ఇదే మీ ఇంట్లో దేవుడి గదిలోకి ఎవడో బూట్లతో వస్తే ఊరుకుంటారా? వీడియో పైన పేరేమో "ఎవరికీ తెలియని దారులు" అట. కొన్ని వందల ఏళ్లుగా మనుషులు ఉంటున్న దారి అది.

అసలు సవరల దగ్గరికి వెళ్లిన తెలుగువాడంటే ఎలా ఉండాలో చూపించిన మనిషి మా ఊళ్లోనే ఉండేవాడు. గిడుగు రామమూర్తి పంతులు గారు. ప్రతి ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని మీరందరూ పోస్టులు పెడతారు కదా, ఆయన పుట్టినరోజే అది. ఆయన పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడి రాజావారి బడిలో. ఆ కొండల్లో తిరిగి, సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. తెలుగు అక్షరాలతో సవర పిల్లలకి పుస్తకాలు రాశాడు, నిఘంటువు తయారుచేశాడు. మన్యం జ్వరానికి క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మా ఊరు అటు పోతే, అంతకాలం బతికిన ఊరొదిలి డెబ్బై దాటిన వయసులో రాజమండ్రి వెళ్లిపోయాడు. అదే 1936లో మంగెయి గొమాంగో సవర భాషకి సొంత లిపి తయారుచేశాడు. ఇదంతా జరిగింది ఈ కొండల్లోనే. దండ వేసేటప్పుడు ఆయన కావాలి, ఆయన తిరిగిన కొండలు మాత్రం పక్క రాష్ట్రం.

ఇది రాస్తుంటే కోపం సైకిల్ దాటిపోయింది, దాటిపోనివ్వండి. మా దగ్గర తెలుగు బడులు ఎలా ఉన్నాయో మీలో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? మా అన్నయ్య చదివిన బడిలో తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోలేదు. పుస్తకాలు ఆంధ్రా నుంచి రావాలి, సగం ఏడాది గడిచాక వస్తాయి, ఒక్కోసారి అదీ లేదు. అన్నయ్య కూతురు గలగలా తెలుగు మాట్లాడుతుంది, వాళ్ల నానమ్మ రాసిన ఉత్తరం మాత్రం చదవలేదు. నేను పక్కన కూర్చుని చదివి వినిపించాను. ఆ పిల్లకి పదమూడేళ్లు. రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న కొటియా ఊళ్ల విషయంలో అయితే రెండు ప్రభుత్వాలూ మావంటే మావని దశాబ్దాలుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి. మా అక్షరాలు మావి అని మాత్రం ఎవరూ ఏ కోర్టుకీ వెళ్లరు. మేము అటు వాళ్ల లెక్కలో తెలుగువాళ్లం, ఇటు మీ లెక్కలో ఒడిశావాళ్లం. అందుకే "అది ఒడిశా బ్రో" అన్న ఒక్క ముక్క అంత గట్టిగా తగిలింది.

నేను ఊరికే తిట్టి పోవడానికి రాలేదు. ఒక రూటు చెప్తాను, ఇష్టమైతే రండి. గిడుగు గారు పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేట. అక్కడ మొదలుపెట్టండి. మధుకేశ్వరుడి గుడి చూసుకుని, వంశధార వెంట హిరమండలం, పాతపట్నం, పర్లాకిమిడి. రాత్రికి మా ఊళ్లో పడుకోవచ్చు, లాడ్జీలున్నాయి, ఇడ్లీ సాంబారూ దొరుకుతుంది. రెండోరోజు గుమ్మా మీదుగా సెరంగో, మళ్లీ కిందికి. కాళ్లలో ఇంకా బలముంటే మూడోరోజు చంద్రగిరి. చలికాలంలో పెట్టుకోండి. ఆగస్టు 29నే చేయాలని పట్టుపడితే వానకోటు, వెనక దీపం తప్పనిసరి, ఘాటీ దిగేటప్పుడు జాగ్రత్త. రోడ్ బైక్ ట్యూబులు మా ఊరి షాపుల్లో దొరకవు, మనిషికి రెండేసి తెచ్చుకోండి. చిల్లర డబ్బులు దగ్గర పెట్టుకోండి, కొండ మీద ఫోన్ సిగ్నల్ ఉండదు, యూపీఐ పనిచేయదు. ఆ పాకలో అంబలి తాగి పది రూపాయలు చేతిలో పెట్టకుండా రావొద్దు. గోడ బొమ్మలు చూడాలనుంటే గుమ్మం బయట ఆగి అడగండి, నేను పక్కనుండి మాట్లాడతాను. వద్దంటే సైకిలెక్కి ముందుకెళ్దాం.