సూపర్‌మ్యాన్ ఎర్ర డ్రాయర్‌ను తీసేయమనేవాళ్లకు జవాబు

2024 మే 6న దర్శకుడు జేమ్స్ గన్ తన కొత్త సూపర్‌మ్యాన్ ఫోటో బయటపెట్టాడు. అందులో సూపర్‌మ్యాన్ వేషం వేసిన నటుడు డేవిడ్ కొరెన్‌స్వెట్ కూర్చుని, ముందుకు వంగి ఎర్ర బూటు తొడుక్కుంటూ ఉంటాడు. వెనక కిటికీలోంచి చూస్తే ఊరి మీద ఏదో దాడి జరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ రోజు మొదలైన వాదన 2025 జులైలో సినిమా విడుదలయ్యాక కూడా ఆగలేదు. తెలుగువాళ్ల మధ్య ఎక్కువగా తిరిగిన మాట ఇది: "ప్యాంటు మీద డ్రాయర్ వేసుకోవడం పాతకాలపు వెర్రి. 2013లో తీసేసి మంచి పని చేశారు. ముసలి అభిమానుల కోసం మళ్లీ తెచ్చి హీరోను నవ్వులపాలు చేశారు. రంగులు బొమ్మల కొట్టులా ఉన్నాయి, సూటు ముడతలు పడింది. హెన్రీ కావిల్ సూటు ముందు ఇది దిగదుడుపే."

ఈ మాటల్ని నేను తేలిగ్గా తీసుకోలేను. ఆ డ్రస్సు వెనకున్న ఆలోచన తెలియకుండా కొట్టిపారేస్తుంటే బాధగా ఉంటుంది. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెబుతాను.

ముందు ఆ "డ్రాయర్" సంగతి. మన దగ్గర చిన్నపిల్లల దగ్గర్నుంచీ అందరూ వేసే జోకు ఇది. కానీ జెర్రీ సీగల్, జో షుస్టర్ కలిసి సృష్టించిన సూపర్‌మ్యాన్ 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో కనిపించినప్పుడు, దాన్ని చూసినవాళ్లకు లోదుస్తు గుర్తురాలేదు. సర్కస్ గుర్తొచ్చింది. ఆ రోజుల్లో సర్కస్ బలశాలులు, కుస్తీ వస్తాదులు ఒంటికి అతుక్కునే బట్ట మీద పొట్టి నిక్కరు వేసుకుని బరిలోకి దిగేవాళ్లు. షుస్టర్ బొమ్మ అక్కణ్ణుంచే వచ్చింది. మనకూ ఆ తరం మనిషి ఒకాయన ఉన్నారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు సొంతంగా సర్కస్ నడిపారు, ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసుల్ని ఊపిరి బిగబట్టి తెంపారు, ఏనుగును ఛాతీ మీద నిలబెట్టుకున్నారు. గొలుసులు తెంపే ఆ భంగిమే తర్వాత సూపర్‌మ్యాన్‌కు గుర్తుగా మారింది. 1938 పాఠకుడికి ఆ ఎర్ర నిక్కరు చెప్పింది ఒక్కటే: వీడు బలవంతుడు, జనం ముందుకొచ్చి బలం చూపించేవాడు.

చరిత్ర సరే, ఇప్పుడు చూడ్డానికి బాగుండొద్దా అంటారా? మీరే ఒకసారి పరీక్ష చేసి చూడండి. ఫోన్‌లో కొరెన్‌స్వెట్ నిలబడ్డ ఫోటో ఒకటి తెరిచి, నడుము దగ్గర ఆ ఎరుపును, బెల్టును కలిపి వేలితో కప్పండి. ఛాతీ మీద గుర్తు కింద నుంచి బూట్ల దాకా ఒకటే నీలం. కన్ను ఎక్కడా ఆగదు. మొండెం ఎక్కడ అయిపోయిందో, కాళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియదు. ఇప్పుడు వేలు తీయండి. పైన భుజాల వెనక వేలాడే కేప్ ఎరుపు, మధ్యలో నడుము ఎరుపు, కింద బూట్ల ఎరుపు, మూడూ ఒకదాన్నొకటి అందుకుంటాయి. పసుపు బెల్టు కూడా ఛాతీ మీది పసుపుకు జతగా కుదురుతుంది. మనిషి ఆకారం దూరం నుంచి కూడా తెలిసిపోతుంది. ఆకాశంలో చిన్న చుక్కలా ఎగిరే హీరోకు అంతకంటే కావాల్సిందేముంది?

2013లో హెన్రీ కావిల్ నటించిన 'మ్యాన్ ఆఫ్ స్టీల్' సూటులో డిజైనర్లు మైఖేల్ విల్కిన్‌సన్, జేమ్స్ ఏచెసన్ నిక్కరు తీసేశారు, నిజమే. మరి ఆ చోటు ఖాళీగా వదిలారా? లేదు. నడుము చుట్టూ లోహంలాంటి అలంకారం, పక్కల నుంచి బూడిదరంగు గీతలు పెట్టారు. కన్ను ఆగడానికి అక్కడ ఏదో ఒకటి ఉండాలని వాళ్లకూ తెలుసు. కావిల్‌కు ఆ సూటు బాగుందని నేనూ ఒప్పుకుంటాను. బాగుండటానికి కారణం నిక్కరు లేకపోవడం కాదు, దాని పని వేరేవాటితో చేయించడం.

"ముసలి అభిమానుల కోసం తెచ్చారు" అన్నది అన్నిటికంటే అన్యాయమైన మాట. పాతదంటే ప్రేమతో కళ్లు మూసుకుని పెట్టేసినదైతే ఇంత తర్జనభర్జన ఉండేది కాదు. సూపర్‌మ్యాన్ కథలు ప్రచురించే డీసీ కామిక్స్‌ సంస్థే 2011లో నిక్కరు తీసేసింది, 2018లో యాక్షన్ కామిక్స్ వెయ్యో సంచికతో మళ్లీ తెచ్చింది. 2013 సినిమా దర్శకుడు జాక్ స్నైడర్ కూడా నిక్కరుతో రకరకాల సూట్లు ప్రయత్నించి, కుదరక వదిలేశాడని గన్ చెప్పాడు. గన్ కూడా మొదట్లో ఎటూ తేల్చుకోలేకపోయాడు. ఆయన్ని ఒప్పించింది కొరెన్‌స్వెట్ చెప్పిన కారణం. సూపర్‌మ్యాన్ వేరే గ్రహం నుంచి వచ్చాడు, కళ్లలోంచి నిప్పు కురిపించగలడు, భూమినే పేల్చేయగలడు. అలాంటివాడు పిల్లలు తనను చూసి భయపడకూడదనుకుంటే ఏం వేసుకుంటాడు? కుస్తీ వస్తాదులా, రంగురంగులుగా, కాస్త నవ్వొచ్చేలా వేసుకుంటాడు.

ఈ కారణం సినిమా కథలోకి ఎలా ఇంకిందో చూడండి. సూపర్‌మ్యాన్‌ను కన్నవాళ్లు పంపిన సందేశాన్ని విలన్ లెక్స్ లూథర్ లోకమంతటికీ వినిపిస్తాడు. భూమిని ఏలమని కొడుకును పంపారని అందులో ఉంటుంది. అంతవరకూ చప్పట్లు కొట్టిన జనమే అనుమానంగా చూడటం మొదలుపెడతారు. వీణ్ణి చూసి మనం భయపడాలా అన్నదే ఈ సినిమా అడిగే ప్రశ్న. ఆ ప్రశ్నకు మాటలతో కాకుండా జవాబు చెప్పేది ఈ డ్రస్సే. సినిమాలోని జర్హాన్‌పూర్ అనే కల్పిత దేశంలో సైనికులు ముంచుకొస్తుంటే ఒక పిల్లాడు సూపర్‌మ్యాన్ గుర్తున్న జెండా ఎత్తి పట్టుకుని వాడి పేరు పిలుస్తాడు. నల్లటి కవచం వేసుకుని ఆకాశంలోంచి దిగేవాణ్ణి ఏ పిల్లాడైనా అలా పిలుస్తాడా? "హీరోను నవ్వులపాలు చేశారు" అంటున్నారు. నవ్వు రావడానికి సిద్ధపడటమే ఇక్కడ ఆ పాత్ర గుణం.

రంగుల గురించి కొంచెం. మెరిసే రంగులు కామిక్స్‌లోనే బాగుంటాయి, తెర మీద కాదు అంటున్నారు. సూపర్‌మ్యాన్ రంగుల్ని ఎప్పుడూ కెమెరాకు తగ్గట్టే చూసుకున్నారు. 1950ల టీవీ సీరియల్లో, బ్లాక్ అండ్ వైట్ ఎపిసోడ్ల కోసం, జార్జ్ రీవ్స్ వేసుకున్నది గోధుమ, బూడిద రంగుల డ్రస్సు. ఎరుపు, నీలం ఆ కెమెరాలో సరిగా విడిపోయి కనిపించవు కాబట్టి. 1978లో క్రిస్టఫర్ రీవ్‌తో తీసినప్పుడు ఇంకో టెన్షన్. ఎగిరే షాట్లలో వెనక పరిచే తెర నీలం, తర్వాత ఆ నీలాన్ని తీసేసి వేరే దృశ్యం కలుపుతారు. సూటూ నీలమైతే దాంతోపాటు మనిషే మాయమవుతాడు. అందుకని అలాంటి షాట్లకు కాస్త ఆకుపచ్చ కలిసిన నీలంతో వేరే సూటు వాడారు. 2006లో బ్రాండన్ రౌత్‌కు ఎరుపును ముదురు మెరూన్ చేశారు. హుందాగానే ఉంది, కానీ ఆ కేప్‌లో ఉత్సాహం పోయింది. ఈసారి కథ చాలావరకు పట్టపగలు, జనం మధ్య నడుస్తుంది. అలాంటప్పుడు ముదురు రంగులు ఎందుకు?

ఇక ముడతలు. బ్యాట్‌మ్యాన్ మామూలు మనిషి, గుండు తగిలితే చచ్చిపోతాడు, వాడికి కవచం కావాలి. దానికి కూడా ఇబ్బందులున్నాయి. 1989లో మైఖేల్ కీటన్ ఆ రబ్బరు సూటులో మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పాల్సొచ్చింది. సూపర్‌మ్యాన్‌కు గుండు దిగదు, కవచంతో వాడికేం పని? కామిక్స్‌లో చాలాకాలంగా ఉన్న కథ ప్రకారం ఆ డ్రస్సు కాన్సాస్ పల్లెలో పెంచిన తల్లి మార్తా కెంట్ చేతికుట్టు. బట్ట కాబట్టి ముడత పడుతుంది. పైగా మొదటి ఫోటోలో మనిషి నడుము వంచి బూటు లాక్కుంటున్నాడు. అలా వంగినప్పుడు ఏ చొక్కా అయినా పొట్ట దగ్గర మడత పడకుండా ఉంటుందా?

ఈ సూటులో నాకు నచ్చనిది లేకపోలేదు. మెడ దగ్గర నిలబడ్డ ఆ కాలర్ నాకు అస్సలు నచ్చలేదు. 1978లో డిజైనర్ ఇవాన్ బ్లేక్ మెడను కిందికి తెరిచి ఉంచింది కాబట్టి రీవ్ తల తిప్పినా, గడ్డం దించినా మెడ మొత్తం కనిపించి ముఖానికి నిండుదనం వచ్చేది. ఇక్కడ కాలర్ ఆ మెడను సగం మింగేసింది. ఒంటి మీద కుట్టు గీతలు కూడా ఎక్కువే, దగ్గర షాట్లలో ఛాతీ గుర్తుకు అడ్డం పడుతుంటాయి. డిజైనర్ జూడియానా మకోవ్‌స్కీని తప్పుపట్టాలనుకుంటే ఈ రెంటి గురించి అడగండి, నేనూ మీతో గొంతు కలుపుతాను. ఎర్ర నిక్కరు జోలికి మాత్రం వెళ్లకండి.