కట్టు చారా, ఉర్లగడ్డ సూపా?

ఉగాది ముందురోజు రాత్రి కడపలో మా వంటింట్లో జరిగిన వాదన ఇది. మా మామకు పైపళ్ళు తీయించి పది రోజులయింది, గట్టివేవీ నమలలేకపోతున్నారు. ఓళిగలు అంగట్లో కొనుక్కొద్దాం, నాయనకూ పిల్లలకూ ఉర్లగడ్డ సూప్ చేద్దాం అని బెంగళూరు నుంచి వచ్చిన మా ఆడబిడ్డ అంది. ఓళిగలు ఇంట్లోనే తట్టి, కట్టు చారు కాయాలని నా పట్టు. పూర్ణం కోసం శనగబేళ్ళు ఉడికించి వంచిన నీళ్ళే కట్టు. ఇందులో వదినను నేనే. నా పక్షం నాకుంది, ఐనా ఆమె అన్న మాటల్లో ఒక్కటి కూడా తగ్గించి రాయలేదు.

ఆడబిడ్డ: వదినా, ఓళిగలు యాభై చెప్పి వచ్చేదా? అంగడి ఇంకా మూసి ఉండరు.

వదిన: వద్దు పాపా. కేజీ బేళ్ళు ఏరి పెట్టుకున్నా. కొన్న ఓళిగలకు కట్టు ఎక్కడ నుంచి వస్తుంది?

ఆడబిడ్డ: ఒక చారు కోసం ఇంత చాకిరీనా? పొద్దున్నే దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి పోవాలి. ఉగాదినాడు అక్కడ ఎట్లుంటుందో నీకు తెలుసు కదా. స్వామిని పెళ్ళాడిన బీబీ నాంచారమ్మ మా ఇంటి బిడ్డ అని ముస్లింలు కూడా టెంకాయలు తీసుకొని వస్తారు. దర్శనం అయి ఇంటికొచ్చేసరికే తొమ్మిది. అప్పుడు నువ్వు పిండి తడిపి, పూర్ణం రుబ్బి, ఒక్కొక్కటీ తట్టి కాల్చేదెప్పుడు? నాలుగు ఉర్లగడ్డలు, రెండు ఎర్రగడ్డలు, కాస్త వెన్న, పాలు, మిరియాల పొడి. అరగంటలో సూప్ తయారు. నాయన నమిలే పనే లేదు.

వదిన: దీపావళికి చేశావు కదా ఆ సూప్. గరిటె ఎత్తితే తీగలు సాగింది. ఉడికిన ఉర్లగడ్డను మిక్సీలో వేస్తే బ్లేడు తిరిగేకొద్దీ లోపలి పిండి అంతా బయటికొచ్చి బంక అయిపోతుంది. పిల్లలు రెండో చెంచా ముట్టలేదు.

ఆడబిడ్డ: అది నా చేతి తప్పు, సూప్ తప్పు కాదు. ఇప్పుడు మిక్సీ జోలికి పోవడం లేదు. పప్పుగుత్తితో మెదిపి, జల్లెడలో వడగడుతున్నా. పోయిన నెల చేస్తే మీగడ లాగా వచ్చింది.

వదిన: రానీ. ఐనా సూప్ అనేది మనింట్లో లేని వస్తువు అన్నట్టు మాట్లాడతావు, అదే నాకు బాధ. తెల్లదొరలు ఇక్కడున్న కాలంలో అరవోళ్ళ మిళగు తణ్ణీర్ రుచి మరిగి, దాన్నే ములిగటాని అని పిలుచుకొని, తమ దేశానికి పట్టుకుపోయి మాంసం వేసి కాచుకున్నారు. మిళగు తణ్ణీర్ అంటే మిరియాల నీళ్ళు, అంతే. మన ఇంటి చారు వాళ్ళ ఇంటికి పోయి సూప్ అయింది. మనకు జలుబు చేస్తే మిరియాల చారు, సంగటిలోకి పప్పుచారు, పండగకు కట్టు చారు. ఇన్ని ఉండగా పాలు పోసిన ఉర్లగడ్డ నీళ్ళు పండగ నాడు ఎందుకు?

ఆడబిడ్డ: మనదీ పరాయిదీ అనే లెక్కకు వస్తే నీ చారులో ఏం మిగులుతుంది చెప్పు? టమాట మనది కాదు. ఎండుమిరపకాయ పోర్చుగీసువాళ్ళు వచ్చేదాకా ఈ దేశంలోనే లేదు. ఉర్లగడ్డ కూడా అట్లే వచ్చింది, ఎక్కడో పెరూ కొండల నుంచి. మిరపకాయను ఇంటి మనిషిని చేసుకొని ఉర్లగడ్డను వాకిట్లో నిలబెడతావా?

వదిన: ఉర్లగడ్డను నేనెక్కడ కాదన్నా? రేపు తాళింపు చేస్తున్నా కదా, పప్పుల పొడి చల్లి.

ఆడబిడ్డ: ఆ తాళింపు నాయన తినలేడు. ఇంకొకటి అడుగుతా. కట్టు చారులో చింతపండు, ఎండుమిరపకాయలు, మిరియాలు. పది రోజుల పచ్చి చిగుళ్ళకు ఆ పులుపూ కారమూ తగిలితే ఆ మనిషి గతేంకాను? నువ్వు ఆయన కోసమే అంటున్నావు, ఆయన తినలేనిదే కాస్తున్నావు.

ఈ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. బేళ్ళ గిన్నె ముందర పెట్టుకొని కాసేపు ఊరికే ఉన్నాను.

వదిన: అది నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటా. ఐతే చింతపండు పడకముందు కట్టు ఎట్లుంటుందో ఎప్పుడన్నా తాగి చూశావా? బేళ్ళు నలిపితే నలగాలి, గిన్నెలో మాత్రం పప్పు పప్పుగానే ఉండాలి. అప్పుడు వంచితే పలుచగా, లేత పసుపు రంగులో దిగుతుంది. కుక్కర్లో పెడితే పప్పు చిదిగిపోయి కట్టు ముద్దగా వస్తుంది, పూర్ణం జారుతుంది. అందుకే గిన్నెలోనే, నీళ్ళు ఎక్కువ పోసి. వంచిన వెంటనే ఒక చెంబెడు పక్కకు తీసి ఉప్పు, జీలకర్ర పొడి, చెంచా నెయ్యి వేస్తా. కారం లేదు, పులుపు లేదు. రెండు మెతుకులు మెత్తగా పిసికి అందులో కలిపితే మామ ఇష్టంగా తాగుతారు. మీ అన్నకు కామెర్లు వచ్చినప్పుడు అత్త నెయ్యి కూడా వేయకుండా ఇదే ఇచ్చింది. మిగతా కట్టులో మనకు చారు.

ఆడబిడ్డ: అది బాగుంటుంది. కాదనను. కానీ పిల్లలు తాగరు.

వదిన: పిల్లలకు ఓళిగ ఉంది కదా. సరే, ఆ సంచిలో ఉర్లగడ్డలు ఇట్లివ్వు, తాళింపుకు ఎన్ని కావాలో చూస్తా. ఇవి ఎందుకింత చల్లగా ఉన్నాయి?

ఆడబిడ్డ: వారం కిందట తెచ్చినవి, ఫ్రిజ్‌లో పెట్టినా. పొద్దున కూల్ బ్యాగులో వేసుకొని వచ్చినా.

వదిన: ఉర్లగడ్డలు ఫ్రిజ్‌లోనా! చలికి వాటిలో పిండి చక్కెరగా మారుతుంది పాపా. బాండలిలో వేయగానే లోపల ఉడక్కముందే పైన నల్లబడతాయి, నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉంటాయి. గాలి తగిలే గంపలో, చీకటిగా ఉండేచోట పెట్టాలి. వెలుతురు తగిలి పచ్చబడితే అది ఇంకా చెడ్డది, ఆ పచ్చది మందంగా చెక్కి పారేయాలి.

ఆడబిడ్డ: ఉర్లగడ్డలు ఎక్కడ పెట్టాలో కూడా నాకు తెలియదా? అపార్ట్‌మెంట్‌లో గంప ఎక్కడ పెట్టేది? బయట పెడితే నాలుగు రోజులకు మొలకలు వస్తాయి. ఇక్కడ నీకు అటక ఉంది, వసారా ఉంది. ప్రతిదానికీ అమ్మ ఇట్లా చేసేది, అత్త అట్లా చేసేది అంటావు. ఆమె మా అమ్మ వదినా. ఆమె వంట నాకే చెప్తావా?

వదిన: చెప్పకపోతే ఎట్లా? నువ్వు చదువుకు పోయినావు, ఆ పక్కన నిలబడింది నేను.

ఆడబిడ్డ: ఆ మాట అన్నావు కాబట్టి నేనూ ఒకటి అంటా. న్యూయార్క్‌లో రిట్జ్ కార్ల్‌టన్ అని హోటలు. దాంట్లో లూయీ దియా అని ఫ్రెంచి వంటాయన. 1917లో వేసవికి ఏం చేద్దామని ఆలోచిస్తుంటే ఆయనకు చిన్నప్పటిది గుర్తొచ్చిందంట. వాళ్ళమ్మ ఉర్లగడ్డలూ ఉల్లికాడల్లాంటి లీక్సూ వేసి వేడిగా సూప్ చేస్తే, ఆయనా వాళ్ళన్నా చల్లటి పాలు పోసుకొని తాగేవాళ్ళంట. అదే చల్లారబెట్టి, మీగడ కలిపి వడ్డిస్తే లోకమంతా పేరొచ్చింది. ఇక్కడ ఉగాదికే 40 డిగ్రీల ఎండ. నాయనకు చల్లగా ఇద్దామనే నేను అనుకున్నది. అది కూడా ఒక అమ్మ చేసిందే. అమ్మ వంట అంటే శనగబేళ్ళే కానక్కర్లేదు.

వదిన: కానక్కర్లేదు. కానీ ఈ ఇంటి అమ్మ చేసింది అదే కదా.

ఆడబిడ్డ: ఈ ఇంటి అమ్మ గురించి నేను చెప్తా విను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఒక్క ఉగాదికి కూడా అమ్మ మా పక్కన కూర్చొని అన్నం తినలేదు. నాయన తినాలి, మేం తినాలి, వచ్చినవాళ్ళు తినాలి. ఆఖరికి మూడింటికి ఆమె. అప్పటికి ఓళిగలు చల్లారి గట్టిపడేవి. ఆ చారు వాసన వస్తే మీ అందరికీ పండగ గుర్తొస్తుందేమో. నాకు పొయ్యి ముందర చెమట తుడుచుకుంటున్న అమ్మ వీపు గుర్తొస్తుంది. ఇప్పుడు నీ వీపు చూస్తున్నా. నడుము నొప్పని మొన్ననే ఫోన్లో చెప్పినావు. అందుకే కొందామంటున్నా. నాకు వంట రాక కాదు.

వదిన: నువ్వన్నది నిజం పాపా. తొమ్మిది ఉగాదులు ఆమె పక్కన నిలబడ్డా, నేనూ ఆమెతోపాటు మూడింటికే తిన్నా. ఆ మెట్టు మీద ఇద్దరం కూర్చొని చారు గిన్నె మధ్యలో పెట్టుకునేవాళ్ళం. దించే ముందు ఆమె గుప్పెడు పూర్ణం చారులో కలిపేది కదా, అది అడుగున పేరుకొని ఉండేది. పైన తేటది అందరికీ పోయాక ఆ చిక్కటిది మాకు మిగిలేది. అందులో ఓళిగ తుంచి వేసుకుంటే పులుపు, తీపి, మిరియం ఘాటు, ఎండుకొబ్బరి అన్నీ ఒక్కసారే తగిలేవి. ‘ఇది ముందు తిన్నవాళ్ళకు దొరకదు’ అని ఒకసారి నాతో అంది. ఆమె కష్టాన్ని చిన్నది చేయడానికి ఇది చెప్పడం లేదు. ఆ చారు రుచి ఆమె చేతిలో నుంచి నా చేతిలోకి వచ్చింది ఆ మెట్టు మీదనే. రాసి పెట్టుకున్నది ఏమీ లేదు. చింతపండు ఎంత అని అడిగితే ఇంత అని చెయ్యి చూపించేది. నేను రెండేళ్ళు మానేస్తే ఆ ‘ఇంత’ నాకూ మరిచిపోతుంది, మీ పిల్లలకు అసలు తెలియనే తెలియదు. ఉర్లగడ్డ సూప్ ఎప్పుడు కావాలన్నా చేసుకోవచ్చు, చెప్పేవాళ్ళు లక్షమంది ఉన్నారు. కట్టు చారు ఈ ఇంట్లో చేసినట్టు చేసేదానికి ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నా. ఇంక మూడింటి సంగతి. ఆ ఆలస్యం చారు వల్ల వచ్చింది కాదు. పదిమంది కూర్చొని తింటుంటే కాల్చేదీ వడ్డించేదీ ఒక్కరే కావడం వల్ల వచ్చింది. రేపు నువ్వు ఓళిగలు కొనుక్కొచ్చి సూప్ చేసినా, వడ్డించేది నేనొక్కదాన్నే అయితే మూడింటికే తింటా.

ఆడబిడ్డ: ఐతే వడ్డించేది నువ్వు కాదు. అన్న వడ్డిస్తాడు.

వదిన: పూర్ణం కూడా ఆయన్నే రుబ్బమను. గ్రైండర్లో వేసేదే కదా.

ఆడబిడ్డ: నేను చెప్తా అన్నకు. ఓళిగలు నేను తడతా, నువ్వు కాల్చు. నీ ‘ఇంత’ ఎంతో చారు కాసేటప్పుడు నాకు చూపించు. కానీ రెండు ఉర్లగడ్డలు తాళింపులో వేయకుండా పక్కన పెట్టు. నాయనకు రాత్రికి సూప్ నేను చేస్తా, చల్లగా.

వదిన: రాత్రికి చెయ్యి. పొద్దున మాత్రం నాలుగున్నరకు లేవాలి, దేవుని కడపకు పోయేలోగా బేళ్ళు ఉడికించి వంచెయ్యాలి.

ఆడబిడ్డ: ఐదుకు.

వదిన: నాలుగున్నర. కట్టు వంచేటప్పుడు నువ్వు పక్కనుండాలి.