520 కేబీలో రేడియోనా, రామచంద్రా!

ఇంటర్నెట్ రేడియో చేసుకుందామని బెజవాడ గవర్నర్‌పేటలో ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న బుల్లి కంప్యూటర్ చిప్) అడిగితే చేతిలో పెట్టేది పీఎస్‌ర్యామ్ (అదనపు ర్యామ్) లేని వ్రూమ్ రకం బోర్డే. పేరుకి 520 కేబీ ర్యామ్. వైఫై మేసేశాక మిగిలినదాంట్లోనే పాటని విప్పే ఎంపీ3 డీకోడర్‌కి ఓ 30 కేబీ ఇవ్వాలి. 128 కేబీపీఎస్ స్ట్రీమ్ సెకనుకి 16 కేబీ తాగుతుంది. పాటని ముందుగా నింపుకోడానికి 32 కేబీ బఫర్ పెడితే రెండే సెకన్ల ఊపిరి. స్టేషన్ లింకు హెచ్‌టీటీపీఎస్ (గుప్తంగా పంపే రకం) అయిందా, ఇంకో 40 కేబీ హాంఫట్! మొత్తమ్మీద ఖాళీ ఉన్నా ఒకే ముక్కగా దొరక్క రీబూట్. పాట పల్లవి దాటదు.

ప్రోగ్రామ్ దాచుకునే ఫ్లాష్ మెమరీ సంగతి సరేసరి. 4 ఎంబీలో మామూలు పార్టిషన్ (ఫ్లాష్‌ని వాటాలేసే పద్ధతి) కోడ్‌కిచ్చేది 1.25 ఎంబీ. ‘హ్యూజ్ యాప్’ ఎంచితే 3 ఎంబీ వస్తుంది గానీ వైఫై మీద అప్‌డేట్ పోతుంది, ప్రతిసారీ డబ్బా విప్పి కేబుల్ గుచ్చాల్సిందే. కొనేటప్పుడే పీఎస్‌ర్యామ్ ఉన్న వ్రోవర్ బోర్డు అడగండయ్యా!